కొలిమి నుంచి గురి దాకా

వర్జీనియాలో విలియమ్స్‌బర్గ్ ఒక చిన్న ఊరు. 1699 నుంచి 1780 దాకా వర్జీనియాకి అదే రాజధాని. ఆనాటి వీధుల్నీ ఇళ్ళనీ దుకాణాల్నీ 1920ల నుంచి బాగుచేసుకుంటూ వచ్చారు, కూలిపోయినవాటిని మళ్ళీ కట్టి నిలబెట్టారు. వాటిలో కమ్మరులు, వడ్రంగులు, వెండి పనివాళ్ళు పద్దెనిమిదో శతాబ్దపు పనిముట్లతో నిజంగానే పనిచేస్తుంటారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన మన పెద్దవాళ్ళు వాషింగ్టన్ చూశాక అటు కూడా వెళ్తుంటారు. వెళ్ళేవాళ్ళకి నా మనవి ఒక్కటే. గవర్నరు భవనం దగ్గర కాస్త సమయం తగ్గించుకుని, తుపాకుల పనివాళ్ళ దగ్గర నిలబడి చూడండి.

1960లలో వాలెస్ గస్లర్ అనే యువ పనివాడు అక్కడే ఒక పెద్ద పని తలకెత్తుకున్నాడు. ఇనుప పట్టీ, మేపుల్ చెక్క, కరగబోసిన ఇత్తడి. వీటితో మొదలుపెట్టి, పాతకాలపు పద్ధతుల్లో, పాతకాలపు పనిముట్లతో ఒక పొడవాటి చెకుముకి రైఫిల్‌ని మొదటి నుంచి చివరిదాకా తన చేత్తో చేశాడు. ఆధునిక కాలంలో అలా చేసిన మొదటి మనిషిగా ఆయన్ని చెప్పుకుంటారు. ఆ పనినే ‘గన్‌స్మిత్ ఆఫ్ విలియమ్స్‌బర్గ్’ పేరుతో 1969లో డాక్యుమెంటరీగా తీసుకొచ్చారు. టీవీ వార్తల్లో పేరున్న డేవిడ్ బ్రింక్లీ వ్యాఖ్యానం చెప్పాడు. చేతిపని మీద వచ్చిన సినిమాల్లో ఇంత ఓపికగా చేతుల్నే చూపించినవి నాకు తెలిసి తక్కువ.

‘మొదటి మనిషి’ అన్నమాటలో ఇక్కడ చాలా బరువుంది. పెన్సిల్వేనియాలోనో వర్జీనియాలోనో ఉన్న అప్పటి తుపాకీ పనివాడు అన్నీ తానే చేసుకోవాల్సిన అవసరం లేదు. మందు అంటించే చెకుముకి యంత్రం చాలాసార్లు ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చేది. గొట్టాలు చేసే కొలిములు వేరుగా ఉండేవి. గస్లర్ మాత్రం కమ్మరి, పోత పనివాడు, యంత్రం చేసేవాడు, వడ్రంగి, నగిషీ చెక్కేవాడు, ఈ అందరి పనీ ఒక్కడే నేర్చుకున్నాడు. ఏ పనికి ఆ పని దాదాపు మరుగునపడి ఉన్న కాలమది. మిగిలిన పాత తుపాకుల్ని విప్పి, వాటి మీద పనిముట్లు వదిలిన గీతల్ని చూసి, ఏది దేనితో చేశారో రాబట్టుకోవలసి వచ్చింది.

గొట్టం సంగతి ముందు చెప్పాలి. తుపాకీ గొట్టానికి కావలసింది గట్టి ఉక్కు అనుకుంటాం. అప్పటి పనివాడు మెత్తని ఇనుమే కోరుకున్నాడు. మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్ళు. కర్బనం ఎక్కువున్న ఆ ఉక్కు పదును నిలుపుకునే కత్తికి తగింది. గొట్టానికి అక్కరలేని గుణం అదే. లోపల మందు పేలినప్పుడు గొట్టం కాస్త సాగి సర్దుకోవాలి, పెళుసుగా విరిగి చీలిపోకూడదు. పైగా అంచుకి అంచు కలిపి, కాక మీద సుత్తితో అతికించాలి. ఆ రెండింటికీ మెత్తని ఇనుమే మేలు.

పొడవాటి ఇనుప పట్టీని కొలిమిలో కాల్చి, పొగాకుని చుట్ట చుట్టినట్టు నిలువునా ఒక సన్నటి కడ్డీ చుట్టూ వంచుతారు. అంచులు రెండూ ఒకదాన్నొకటి తాకుతాయి. ఇక అతుకు వేయాలి. నలభై పైచిలుకు అంగుళాల పొడవు ఒక్కసారిగా కాగదు కాబట్టి కొన్ని అంగుళాల చొప్పున సాగుతుంది పని. ఇనుము తెల్లగా మెరిసే కాక దాకా రావాలి. కాస్త తక్కువైతే అంచులు పైకి కలిసినట్టు కనిపిస్తాయి గానీ లోపల విడిగానే ఉంటాయి. కాస్త ఎక్కువైతే ఇనుమే నిప్పురవ్వలై కాలిపోతుంది. కొలవడానికి పరికరం లేదు, రంగు ఒక్కటే కొలత. అందుకే కొలిమి దగ్గర వెలుతురు తక్కువగా ఉండాలంటారు కమ్మరులు. బయటికి తీసిన క్షణంలో కడ్డీ లోపలికి దూర్చాలి, సుత్తి దెబ్బలు వరసగా పడాలి, ఇనుము చల్లారి ముడుచుకుని కడ్డీని పట్టేసేలోపు దాన్ని ఊడబెరకాలి. మళ్ళీ కొలిమి, మళ్ళీ కాక. ఒక్క చోట అతుకు వదిలినా, ఆ సంగతి తెలిసేది మందు దట్టించి పేల్చిన రోజే. సినిమాలో గస్లర్ సుత్తి వేగం చూస్తే ఆయన శరీరానికి ఈ లెక్క పూర్తిగా ఎక్కిందని అర్థమవుతుంది. తొందర కనిపించదు, అలాగని దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉండదు.

ఇలా వచ్చిన గొట్టం లోపల గరుకుగా, వంకరగా ఉంటుంది. దాన్ని పొడవాటి బరమాలతో తొలుస్తారు. ఒకదానికంటే ఒకటి వెంట్రుకవాసి లావుగా ఉండే బరమాలు. చివర్లో నాలుగు పలకల ఉక్కు కడ్డీకి ఒక పక్క సన్నటి చెక్కబద్ద ఆనించి, ఆ బద్ద కింద కాగితం ముక్కలు చేరుస్తూ, లోపలి గోడని నున్నగా గీకుతారు. ఒక కాగితం మందం ఎంతో అంతే ఇనుము రాలుతుంది ప్రతిసారీ.

ఆ తరవాతి పని నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైనది. గొట్టం తిన్నగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? లోపలి రంధ్రం అరంగుళం వెడల్పు, పొడవు నాలుగు అడుగులకి కాస్త తక్కువ. బద్ద పెట్టి కొలవడానికి వీల్లేదు. పనివాడు ఒక సన్నటి దారాన్ని రంధ్రంలోంచి పోనిచ్చి, రెండు చివరలా లాగి పట్టి, లోపలి గోడకి ఆనేట్టు బిగిస్తాడు. గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి కన్ను పెడతాడు. గోడ తిన్నగా ఉంటే దారం పొడవునా దాన్ని అంటుకునే ఉంటుంది. ఎక్కడైనా వంపుంటే దారానికీ గోడకీ నడుమ సన్నటి వెలుగు కనిపిస్తుంది. గొట్టాన్ని పావు వంతు తిప్పి మళ్ళీ చూస్తాడు. వంపు ఎక్కడుందో, ఏ వైపుందో తేల్చుకుని, దాగలి మీద పెట్టి బయటి నుంచి ఒక దెబ్బ. మళ్ళీ దారం, మళ్ళీ కిటికీ. ఏ కొలబద్దా అందని చోటికి కాస్త వెలుతురూ, ఒక దారప్పోగూ చేరుకుంటున్నాయి. తరవాతి కాలంలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పనివాళ్ళు దారం కూడా లేకుండా, లోపలి గోడ మీద పడే నీడ గీతని చూసే గొట్టాలు సరిచేసేవారు.

ఇప్పుడు మెలిక చాళ్ళు. మామూలు తుపాకీకీ రైఫిల్‌కీ తేడా ఇదే. గొట్టం లోపలి గోడ మీద మెలి తిరుగుతూ పోయే చాళ్ళు, సాధారణంగా ఏడు, గుండుని తిప్పి వదులుతాయి. సీసపు గుండు చూడడానికి గుండ్రంగా ఉన్నా, పోతలో ఒక పక్క చిన్న గాలి బుడగ ఉండొచ్చు, అచ్చు అతుకు మిగలొచ్చు. తిరగకుండా పోయే గుండు ఆ లోపం ఎటుంటే అటు లాగేస్తుంది. తిరిగే గుండులో లోపం ఒకే వైపు నిలవదు, అన్ని వైపులకీ పంచుకుపోతుంది. 1740లలో ఇంగ్లండులో బెంజమిన్ రాబిన్స్ గుండ్లు దారి తప్పే కారణాల్ని గణితంతో వివరించేసరికి, జర్మన్ మాట్లాడే ప్రాంతాల పనివాళ్ళు ఈ చాళ్ళు కోయడం మొదలుపెట్టి రెండు వందల ఏళ్ళు దాటింది.

ఈ చాళ్ళు కోసేది ఒక కొయ్య యంత్రం. పొడవాటి బల్ల, దాని మీద మెలికలు చెక్కిన లావుపాటి కొయ్య స్తంభం. స్తంభాన్ని చేత్తో ముందుకి తోస్తే తన మెలికల వెంట తానే తిరుగుతుంది. దాని చివర హికరీ కర్ర, ఆ కర్రలో చిన్న ఉక్కు పన్ను. స్తంభం ఎంత తిరిగితే గొట్టంలో పన్ను అంత తిరుగుతుంది. ఒక చాలు గీకాక స్తంభాన్ని తరవాతి గుర్తుకి మార్చి రెండోది. ఏడూ ఒక చుట్టు అయ్యాక పన్ను కింద ఒక కాగితం ముక్క చేర్చి మళ్ళీ మొదటి నుంచి. చాలు లోతు చివరికి అంగుళంలో నూరో వంతుకి అటూ ఇటూ. అంతటికీ ఎన్ని వందల సార్లు తోసి లాగాలో! మెలిక 48 అంగుళాలకి ఒక చుట్టు అనేది తరచుగా కనిపించే లెక్క. అంటే 44 అంగుళాల గొట్టంలో గుండు ఒక పూర్తి చుట్టు కూడా తిరక్కుండానే బయటపడుతుంది. అంత నెమ్మది మెలికని ఏడు చాళ్ళలోనూ ఒకేలా ఉంచినది ఉలితో చెక్కిన కొయ్య.

గొట్టం ఇంత పొడవెందుకు? పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో జర్మనీ, స్విట్జర్లాండ్ నుంచి పెన్సిల్వేనియాకి వచ్చిన వలసదారులు తమతో వేటగాళ్ళ యేగర్ రైఫిల్ తెచ్చుకున్నారు. అది పొట్టిది, గుండు పెద్దది. కొత్త దేశంలో అడవిలోకి వెళ్తే వారాల తరబడి ఇంటికి రానివాళ్ళకి సీసం మోసుకెళ్ళడమే బరువు. అంగుళంలో నూటికి అరవై వంతుల లావున్న గుండ్లు పౌండు సీసానికి ఇరవై ఒకటి వస్తే, అరంగుళం గుండ్లు ముప్పై ఏడు వస్తాయి. గుండు చిన్నదైంది, మందు తగ్గింది, గొట్టం సాగింది. గొట్టం సాగితే ముందు గురిపలకకీ వెనక గురిపలకకీ దూరం పెరిగి, కన్ను చేసే పొరపాటు తగ్గుతుంది. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ చుట్టుపక్కల కొలిముల్లో ఈ మార్పు తరాల మీద స్థిరపడింది. తరవాత ఎవరో కెంటకీ రైఫిల్ అన్నారు, ఆ పేరే నిలిచింది. ఈ తుపాకుల్ని డెలావేర్, షానీ వంటి మూలవాసులూ కొని వాడారు. వాళ్ళ నేలని లాక్కోవడానికి వచ్చినవాళ్ళ చేతుల్లోనూ ఇవే ఉన్నాయి. పనితనాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ చరిత్రని పక్కకి తోసేయడం నాకు సమ్మతం కాదు.

చెకుముకి యంత్రం గురించి క్లుప్తంగా చెబుతాను. చెకుముకి రాయి పట్టిన కొక్కెం దూకి ఉక్కు పలకని గీస్తుంది, పలక నుంచి రాలిన ఉక్కు రజను మండుతూ కింద పళ్ళెంలోని మందు మీద పడుతుంది, ఆ మంట పక్కనున్న సన్నటి బెజ్జంలోంచి గొట్టంలోకి పోతుంది. ఉక్కు పలక గట్టిగా ఉంటే రవ్వలు, మెత్తగా ఉంటే గీతలు. లోపలి స్ప్రింగు పదును సరిపోకపోతే వంగిపోతుంది, మించితే విరిగిపోతుంది. ఇందులో ప్రతి ముక్కా కొలిమిలో పుట్టి, ఆకురాయితో ఆకారం తెచ్చుకున్నదే. మంచి యంత్రం శబ్దంలోనే తెలుస్తుందంటారు. కొక్కెం పడడం, మంట లేవడం, గుండు పేలడం మూడూ ఒకటిగా వినిపించాలి.

ఇక కొయ్య. మొదటిసారి రైఫిల్ చేసేవాడి పనితనం తేలేది ఇక్కడే.

ఈ రోజుల్లో ఈ పని నేర్చుకునే ఔత్సాహికులు అమెరికాలో వేలల్లో ఉన్నారు. ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ కేంద్రంగా ఉన్న, మూతి నుంచి మందు కూరే తుపాకుల వాళ్ళ జాతీయ సంఘం 1933లో మొదలైంది. కెంటకీలో హెర్షెల్ హౌస్ వంటి పేరుమోసిన పనివాళ్ళు శిష్యుల్ని తయారుచేశారు; 1979లో వచ్చిన ‘ఫాక్స్‌ఫైర్ 5’ పుస్తకం ఆ పనిని ఇంటింటికీ చేర్చింది. అక్కడి కేంద్ర చట్టం ఈ పాత తరహా తుపాకుల్ని ఆధునిక ఆయుధాలతో కలపదు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఏ తుపాకీ చేయడమూ నేరమే. అక్కడ కొత్తగా దిగేవాళ్ళు ఎక్కువమంది గొట్టాన్నీ చెకుముకి యంత్రాన్నీ కొనుక్కుని, కొయ్య పనీ ఇత్తడి పనీ సొంతంగా చేసుకుంటారు. గస్లర్ చేసినదాంట్లో ఇది సగమే అయినా, ఆ సగం తక్కువదేమీ కాదు.

చెక్క మేపుల్. అందులోనూ అడ్డంగా అలల్లా చారలు పడినది కావాలి, ఏళ్ళ తరబడి ఆరినది కావాలి. చారలంటే లోపల పీచు ఎగుడుదిగుడుగా నడిచిందని అర్థం, అంటే ఉలి ఎటు పెట్టినా ఎక్కడో ఒకచోట ఎదురు పీచు తగులుతుంది, పెచ్చు లేస్తుంది. కంటికి ఇంపైన గుణమే చేతికి కష్టమవుతుంది. గొట్టం ఎనిమిది పలకలది. మంచి పాత గొట్టాలు అటునుంచి ఇటు ఒకే లావుండవు. మందు ఉండే వైపు లావు, నడిమికి వస్తూ సన్నం, మూతి దగ్గర మళ్ళీ కాస్త విచ్చుకుంటాయి. ఆ వంపుని అచ్చంగా చెక్కలోకి దించాలి. గొట్టానికి మసీ నూనే కలిపి పూసి, తొలిచిన గాడిలో అదిమి తీస్తే, చెక్కకి ఎక్కడ ఒరిసిందో అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చని మాత్రమే ఉలితో గీకాలి. మళ్ళీ మసి, మళ్ళీ అదమడం. చివరికి గాడి పొడవునా సమంగా నలుపు అంటిన రోజున గొట్టం చెక్కలో కూర్చున్నట్టు. పైనుంచి చూస్తే ఇనుముకీ చెక్కకీ మధ్య గీత ఉంటుంది గానీ సందు ఉండదు. ఈ పని అంతా గొట్టం కింద దాగిపోతుంది. కొన్నవాడు విప్పి చూడడు. చేసినవాడి నిజాయతీ అంతా ఆ చీకట్లోనే ఉంటుంది.

గొట్టం గాడి కింద మందు దట్టించే కర్ర పెట్టుకునే పొడవాటి రంధ్రం ఉంటుంది. గొట్టం గాడికీ ఈ రంధ్రానికీ మధ్య మిగిలే చెక్క అంగుళంలో ఎనిమిదో వంతు. బరమా చెక్కలోకి పోయాక మొన ఎటు తిరిగిందో కంటికి కనిపించదు. పక్కకి చీల్చుకుని బయటికొస్తే వారాల పని పోయినట్టే.

ఆ తరవాత చెక్కడం మొదలు. మొదటిసారి చేసేవాళ్ళ రైఫిళ్ళలో దాదాపు అందరికీ ఒకే లోపం ఉంటుందని అనుభవజ్ఞులు చెబుతారు: చెక్క ఎక్కువ మిగిలిపోతుంది. చెడిపోతుందేమోనన్న భయంతో చేయి ముందే ఆగుతుంది. ఫలితం, చేత్తో పట్టుకునే చోట లావుపాటి మణికట్టు, గొట్టం కింద దిమ్మెలాంటి ముంజేయి. రెండొందలు, రెండొందల యాభై ఏళ్ళ కిందటి లాంకాస్టర్ రైఫిల్ని పక్కన పెడితే తేడా తెలుస్తుంది. చేతితో పట్టుకునే చోట సన్నబడి, భుజానికి ఆనే చోట వెడల్పయి, గొట్టం పొడవునా చెక్క ఒక పల్చటి పొరలా పాకుతుంది. ఏ పలకైనా పక్క పలకలోకి ఎక్కడ కలిసిందో వెతికినా దొరకదు. ఇరవై, ముప్పై పాత తుపాకుల్ని చేతపట్టి చూడందే ఆ సన్నదనం ఎంత దాకా పోవచ్చో తెలియదు. జాకబ్ డికర్ట్ వంటి లాంకాస్టర్ పనివాళ్ళ కొయ్యల్లో గీతలు తిన్నగా ఉంటాయి. ఈశాన్యాన లీహై లోయ పనివాళ్ళ కొయ్యలు విల్లులా వంగుతాయి. పేరు చెక్కకపోయినా ఒక్క వంపు చూసి ఏ ప్రాంతమో చెప్పేవాళ్ళున్నారు.

అలంకారం దగ్గర నా అభిప్రాయం కాస్త గట్టిది. రొకోకో శైలి తీగల్ని చెక్క మీద ఉబ్బెత్తుగా చెక్కుతారు. ఆ ఎత్తు అంగుళంలో పదహారో వంతు కూడా ఉండదు. తీగని పైకి లేపడమంటే చుట్టూ ఉన్న నేలనంతా సమంగా దించడమే. కొయ్యలో ఉండే చిన్న అర ఇత్తడి మూతకి లాంకాస్టర్ వాళ్ళు డైసీ పువ్వు పెట్టారు. పంతొమ్మిదో శతాబ్దంలోకి వచ్చేసరికి కొందరు చెక్క కనబడకుండా వెండి చందమామలూ నక్షత్రాలూ పొదిగారు. నాకు మొదటి తరహాయే గొప్పగా అనిపిస్తుంది. దాంట్లో నగిషీ కొయ్య వంపుని అనుసరిస్తుంది. రెండోదాంట్లో వంపు తేలిపోయినా వెండి కప్పేస్తుంది.

రంగు వేయడం చూడముచ్చటగా ఉంటుంది. ఇనుము కరిగించిన నత్రికామ్లాన్ని చెక్కకి పూసి నిప్పుసెగ చూపిస్తే, ముందు పచ్చగా మాసినట్టున్న చెక్క సెగ తగిలినచోటల్లా ఎర్రటి గోధుమరంగులోకి తిరుగుతుంది. ఎగుడుదిగుడు పీచు ఎక్కువ తాగి చారలు ముదురుతాయి. పైన అవిసె నూనె వార్నిష్. తుపాకీని వెలుగులో కాస్త తిప్పితే చారలు చోటు మారినట్టు కనిపిస్తాయి.

పూర్తయిందనుకున్న రైఫిల్ నిజానికి ఇంకా పూర్తి కాదు. ముందు గురిపలక కావాలనే ఎత్తుగా వదిలి ఉంటారు. మందు పోస్తారు (అప్పట్లో ఇంగ్లండు తుపాకి మందులో సురేకారం చాలా మటుకు మన బీహారు నుంచి వెళ్ళినదే), కొవ్వు పట్టించిన నారబట్ట ముక్కలో గుండు చుట్టి కర్రతో లోపలికి దించుతారు. చాళ్ళని పట్టుకునేది బట్టే, సీసం కాదు. పేలిస్తే గుండు గురి కిందికి తగులుతుంది. పలక మీద ఆకురాయి ఒక్కసారి ఆడించి మళ్ళీ పేలుస్తారు, గుండు కాస్త పైకి వస్తుంది. పక్కలకి పోతుంటే పలకని దాని గాడిలోనే అటో ఇటో తడతారు. అరగదీసిన లోహాన్ని మళ్ళీ అతికించలేరు గనక ఈ పని చాలా నెమ్మది. గురి కుదిరింది ఆ కొలత మందుకే, ఆ కొలత గుండుకే. చేత్తో చేసిన గొట్టాల్లో ఒకదాని రంధ్రం ఇంకోదానికి సరిపోదు. అందుకని ఆ తుపాకీకే సరిపడే గుండు అచ్చునీ, మందు కొలిచే గొట్టాన్నీ కూడా తయారుచేసి, రైఫిల్‌తో పాటు కొన్నవాడి చేతిలో పెట్టేవారు.